రోగం పేరు పెన్సిల్‌తో రాయండి

సునందకు ఉద్యోగం వచ్చింది! పశువుల డాక్టరుగా!

పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. “సార్, లిస్టులో నా పేరుండాది సార్!” అని అరిచింది. నేనూ అరిచాను. సగం కాఫీ చొక్కా మీద పడింది. మా ఆవిడ వంటింట్లోంచి “ఎవరికేమైంది?” అంటూ పరుగెత్తుకొచ్చింది. సంగతి చెప్తే ఆమె కూడా అరిచింది.

వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి సునంద. మా ఇంట్లో మొదటి మనిషిని నేను. కాబట్టి ఆ సంబరం నాకు తెలుసు. కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పాలనిపిస్తుంది. చెప్పిన వాళ్ళకే మళ్ళీ చెప్పాలనిపిస్తుంది.

ఆమె ఉరవకొండ వైపు ఒక పల్లెలో పుట్టిన పిల్ల. డెబ్బైల చివర్లో ఆ ఊళ్ళో నేనొక తప్పు మాట చెప్పాను. ఆ మాట అలాగే నిలిచిపోయి ఉంటే సునంద పుట్టేదే కాదు. అందుకే నాకింత సంబరం.

ఫోన్ పెట్టేసే ముందు ఒకటి అడిగింది. “సార్, రిజిస్టర్లో డయాగ్నసిస్ అని ఒక గడి ఉంటాది కదా. జబ్బేందో తెలీకుంటే ఆడ ఏం రాయాల?”

ముప్పై ఏళ్ళకు పైగా ఆ గడి నింపాను. ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను, ఆమెకూ, ఆమెతోపాటు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకూ.

నాయన చెప్పిన అర్థం

మాది ధర్మవరం. నాయన గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. తిరుపతిలో పశువైద్యం చదువు ముగించి నేను ఇంటికొచ్చిన రోజు, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపకుండానే అడిగాడు.

“ఇంతకూ నువ్వు పొద్దుగూకులూ ఏం పని చేస్తావురా?”

“డయాగ్నసిస్ చేస్తా నాయనా.”

“అంటే?”

“జబ్బేందో కనిపెట్టేది.”

నాడె ఆగింది. “ఓస్, అది నేను చేసేదే కదరా. పోగు తెగితే మగ్గం సద్దు మారతాది. ఏదో తెగిందని చెవికి తెలుస్తాది. యాడ తెగిందో చెవి చెప్పదు. లేసి, వంగి, ఏలితో తడిమి చూడాల. చూడకుండా ముడేసినావనుకో, ఆ పోగు పోయి ఈ పోగుకు కలుస్తాది. చీరంతా గీత పడతాది.”

నేను నవ్వాను. ఐదేళ్ళ చదువును పోగు ముడితో పోలుస్తున్నాడే అనుకున్నాను. పాసైనందుకు ఆయన నాకొక ఇంకు పెన్ను కొనిచ్చాడు. దాన్ని జేబులో బయటికి కనబడేలా పెట్టుకుని ఉద్యోగంలో చేరాను.

పెద్దాయన పెన్సిల్

మా పై అధికారిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. జీపు దిగి, మందుల బీరువా వైపు కూడా చూడకుండా రిజిస్టరు తెరిచేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క డయాగ్నసిస్ గడి మీదే వేలు పెట్టి పైనుంచి కిందికి లాక్కుంటూ వచ్చాడు.

“ఏమప్పా, ఈ నెలంతా వచ్చిన ప్రతి గొడ్డుకూ, ప్రతి గొర్రెకూ జబ్బు పేరు రాసినావు. ఒక్కదానికీ నాకు తెలీలేదని రాయలేదు. నువ్వు శానా పెద్ద డాక్టరువా, లేకుంటే అబద్ధాలకోరువా?”

మా కాంపౌండరు దస్తగిరి తల తిప్పుకుని దగ్గినట్టు నవ్వాడు. పెద్దాయన తన జేబులోంచి ఒక పెన్సిల్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

“జబ్బు పేరు దీంతో రాయి. గొడ్డు లేసి మేసినాకో, సచ్చినదాన్ని కోసి చూసినాకో ఇంకుతో దిద్దు. అంతవరకూ నువ్వు రాసింది నీ అనుమానమే.”

ఆయన జీపు కదలగానే ఆ పెన్సిల్‌ను సొరుగులో పడేశాను. నాకు ఇంకు పెన్ను ఉంది కదా.

హనుమంతప్ప ఎద్దులు

ఆ ఏడు తొలకరి ముంగారు వాన రెండు పదునులు పడి మాయమైంది. వేరుశనగ నేలకు అతుక్కుపోయింది. జొన్న మోకాలెత్తున ఆగి ఆకులు చుట్టుకుపోయింది. నెల తర్వాత ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. మర్నాడు ఉదయం కబురొచ్చింది, హనుమంతప్ప ఎద్దులు రెండూ పడిపోయాయని.

నేనూ దస్తగిరీ సైకిళ్ళ మీద చేరేసరికి రెండూ చచ్చిపోయి ఉన్నాయి. నోటి దగ్గర నురగ. చేని గట్టు మీద ఊరంతా ఉంది. గట్టుకు అవతలి చేను నాగప్పది. హనుమంతప్పకు నాగప్ప సొంత బావమరిది. హనుమంతప్ప కూతురు రత్నమ్మను నాగప్ప కొడుక్కి ఇవ్వడానికి మాట్లాడుకుని తాంబూలాలు కూడా మార్చుకున్నారు. కానీ గొడవ లేని చుట్టాలెవరు? అంతకు ముందు రోజే గట్టు నరికినావని ఇద్దరూ తిట్టుకున్నారు. ఇప్పుడు ఆ గట్టు మీదే, వేరుశనగ చెట్లకు పురుగుమందు కొట్టిన నాగప్ప వదిలేసిన ఎండ్రిన్ డబ్బా ఉంది.

హనుమంతప్ప నా చెయ్యి పట్టుకున్నాడు. “ఎవరు సారూ నా ఎద్దుల్ని సంపింది? చెప్పు సారూ, నువ్వు సదువుకున్నోడివి.”

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నురగను చూశాను. డబ్బాను చూశాను.

“ఎండ్రిన్ తాగించినట్టుంది,” అన్నాను.

గుంపులోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. ఎల్లమ్మవ్వ. నాగప్ప తల్లి, హనుమంతప్పకు అత్త. “కాదు సామీ. నాము మేసినాయి. నిన్న చినుకు పడింది, జొన్నకు మొదట్లో పిలక లేసినాది, చూడు. ఆడ కొరికిన గుర్తులుండాయి.”

ఎండకు వాడిపోయిన జొన్న మీద చినుకు పడితే వచ్చే లేత పిలకల్లో విషం పుడుతుంది. మావైపు దాన్ని నాము అంటారు. ఆ విషం మీద నేను పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కానీ చెప్పింది నాగప్ప తల్లి. కొడుకును కాపాడుకోవడానికి చెప్తోంది అనుకున్నాను. చేనిలోకి పదడుగులు నడిచి చూడలేదు.

“కోసి చూద్దాం సార్,” అని దస్తగిరి నా చెవిలో అన్నాడు. హనుమంతప్ప ఒప్పుకోలేదు. “నా బసవని మీద కత్తి పెడతారా?” అని అడ్డం పడుకున్నాడు. నిజం చెప్పాలంటే ఎండ మండిపోతోంది, కొయ్యక్కర్లేకపోవడం నాకూ సుఖంగానే తోచింది. ఎద్దులకు పసుపు కుంకుమలు పెట్టి పూడ్చేశారు. నేను ఆఫీసుకొచ్చి రిజిస్టర్లోనూ, హనుమంతప్ప అడిగిన కాగితం మీదా, నాయన కొనిచ్చిన పెన్నుతో, ఎండ్రిన్ అని రాశాను.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక విషయం నాకు గుచ్చుకుంటుంది. హనుమంతప్ప అడిగింది “ఎవరు” అని. నా పని “ఏమిటి” అన్నది చెప్పడం. నేను అతని ప్రశ్నకు జవాబు చెప్పాను, నా ప్రశ్న అడగనే లేదు.

కాగితం స్టేషనుకు పోయింది. నాగప్పను ఒక పూట కూర్చోబెట్టి పంపారు. అది చిన్న సంగతి. ఊళ్ళో హోటలువాడు అతనికి టీ పొయ్యడం మానేశాడు. చేలోకి కూలికి ఎవరూ రాలేదు. తాంబూలాలు వెనక్కి వచ్చాయి. నాగప్ప పదిరోజులు ఓర్చుకుని, తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే పనికి వెళ్ళిపోయాడు.

రక్తం రంగు

నెలాఖరుకు పెద్దాయన వచ్చాడు. ఆ వరుస దగ్గర వేలు ఆగింది.

“రక్తం ఏ రంగుండాది?”

“చూడలేదు సార్.”

“చిగుళ్ళు?”

“చూడలేదు సార్.”

“పొట్టలో ఏముండాది?”

కొయ్యనే లేదు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, “ఈ కాలంలో జొన్న దగ్గర గొడ్డు పడితే మొదట చిగుళ్ళు ఎత్తి చూడు. నాము అయితే రక్తం ఎర్రగా, తళతళా మెరుస్తాండాది. దానికి విరుగుడు మన బీరువాలో లేదు, ఫోటో స్టూడియోలో ఉండాది. ఫోటోలు కడిగే హైపో. పొట్లం కొని సంచిలో పెట్టుకో,” అన్నాడు. లేస్తూ అడిగాడు: “నేనిచ్చిన పెన్సిల్ ఏమైంది?”

మర్నాడు ఉరవకొండలో స్టూడియోకు వెళ్ళి హైపో అడిగితే, ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “ఏం సార్, ఎనుములకు ఫోటోలు తీస్తాండారా?”

“సరదాకు కాదప్పా, అవసరానికి,” అన్నాడు దస్తగిరి, నా బదులు.

వారం తర్వాత అదే ఊళ్ళో గొర్రెలకు నట్టల మందు తాగిస్తున్నాం. రత్నమ్మ కొంగు ఎగురుతూ పరుగెత్తుకొచ్చింది. “సారూ, బిరీన రాండి, మా ఆవు పడిపోయింది!”

అదే చేను. మళ్ళీ అంతకు ముందు రోజు చినుకులు. ఆవు పక్కకు ఒరిగి రొప్పుతోంది, నోటి దగ్గర నురగ. ఈసారి నురగ దగ్గర ఆగలేదు. పెదవి ఎత్తాను. చిగుళ్ళు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. సూదితో రక్తం తీశాను, అంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు. దస్తగిరి అప్పటికే చేనిలోకి నడిచి, కొరికిన పిలకల్ని గుప్పిట్లో పట్టుకొచ్చాడు. నా ముందు పెట్టాడు.

హైపో నీళ్ళలో కలిపి మెడ నరంలోకి ఎక్కించాం. నరం కనబడేలా దస్తగిరి మెడ నొక్కి పట్టాడు. రత్నమ్మ ఆవు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి రొప్పు తగ్గింది. ఆవు ముందుకాళ్ళు మడిచి, ఊగి, లేచి నిలబడింది.

హనుమంతప్ప ఆవును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నాగప్ప నెల రోజులుగా ఊళ్ళోనే లేడు.

“అయితే సారూ… ఆ పొద్దు ఎద్దులది?”

“ఇదే హనుమంతప్పా.”

“మరి అట్ల ఎందుకు చెప్పినావు?”

“చూడకుండా చెప్పినా. తప్పు నాది.”

అతను నన్ను కొడతాడనుకున్నాను. కింద కూలబడి, “మా అత్త చెప్పనే చెప్పింది గదా… ఆమె మాట నేనూ ఇనలేదు,” అన్నాడు. రత్నమ్మ మాత్రం నా కళ్ళలోకి సూటిగా చూసి, “మా మామకు ఎవరు చెప్తారు సారూ?” అంది.

తాడిపత్రి

నేనే వెళ్ళాను. మర్నాటి మొదటి బస్సుకు. పాలిష్ యార్డులో రాతిపొడికి కనురెప్పలు కూడా తెల్లబడిపోయిన మనిషి నన్ను చూసి పని ఆపలేదు.

“ఏమప్పా డాక్టరూ, దారి తప్పినావా? ఈడ ఎద్దులు లేవు, బండలుండాయి.”

చెప్పాను. మొత్తం చెప్పాను. నీళ్ళు పోసుకుంటూ బండ రుద్దుతూ విన్నాడు.

“అయిపోయిందా?”

“క్షమించు నాగప్పా. ఊరికి రా.”

“నువ్వు ఆ మాట ఊరందరి ముందర చెప్పినావు. ఇప్పుడు తాడిపత్రిలో నా ఒక్కని చెవిలో చెప్తాండావు. ఇదెట్ల సరిపోతాది సామీ?”

జవాబు కూడా అతనే చెప్పాడు. “యాడ చెప్పినావో ఆడనే చెప్తానంటే వస్తా.”

అదే గట్టు మీద

దస్తగిరి ఊళ్ళో చాటింపు వేయించాడు. జనం అదే గట్టు మీద చేరారు. నాగప్ప అందరికీ వెనకాల, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాటలు ముందే కూర్చుకుని పోయాను కానీ ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఎద్దులు ఎండ్రిన్‌తో చావలేదు. నాముతో చచ్చినాయి. నేను కోసి చూడలేదు, చేనిలోకి పోయి చూడలేదు, అవ్వ చెప్తే ఇనలేదు. నాగప్ప ఏ పాపం ఎరగడు.” ఆ రోజు నా నోటికి ఆఫీసు భాష రాలేదు, మా ఇంటి భాషే వచ్చింది.

ఎల్లమ్మవ్వ నా దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుంది. “ఆ పొద్దే చెప్పినా గద నాయనా. నేను ఇంగ్లీషులో చెప్పింటే ఇనేవాడివి.”

జనమంతా పగలబడి నవ్వారు. నాగప్ప నవ్వలేదు. ముందుకొచ్చి, “బావా, ఆ గట్టు నేనే నరికినాలే, ఒక మూర,” అన్నాడు. హనుమంతప్ప “నాకు తెలుసులేరా దొంగనా…” అని ఏడ్చేశాడు.

ఆఫీసుకొచ్చి రిజిస్టర్లో ఎండ్రిన్ కొట్టేశాను. ఇంకు కాబట్టి ఆ మచ్చ పోలేదు, పోకూడదు కూడా. పక్కనే తెలుగులో “నాము” అని రాసి, కింద “చెప్పినవారు: ఎల్లమ్మ” అని రాశాను. స్టేషనుకూ వేరే కాగితం రాసిచ్చాను. మరుసటి నెల పెద్దాయన ఆ వరుస చూసి, పక్కన తన చిన్న సంతకం పెట్టాడు. నేను సొరుగులోంచి పెన్సిల్ తీశాను. మళ్ళీ లోపల పెట్టలేదు.

మాఘమాసంలో రత్నమ్మ పెళ్ళి. నన్నూ దస్తగిరినీ ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆవు కూడా పందిరి పక్కనే కట్టేసి ఉంది, పూలదండతో.

తర్వాత నేర్చుకున్నవి

ఆ తర్వాత నేను అడగడం నేర్చుకున్నాను. ఒకామె తన ఎనుము పాలివ్వడం లేదని మూడు వారాలు వరుసగా తెచ్చింది. జ్వరం లేదు, పొదుగు బాగుంది, మేత బాగుంది. పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టాను. నాలుగోసారి దస్తగిరి ఊరికే మాటల్లో “ఇంతకుముందు పాలు పిండేది ఎవరమ్మా?” అన్నాడు. కూతురు. కొత్తగా కాపురానికి పోయింది. “కూతురి పాత చీర కట్టుకుని పిండి చూడు,” అన్నాడు. మర్నాడు ఆమె నిండు చెంబుతో వచ్చింది. ఆ గడిలో నేనేం రాయాలి? “కూతురు లేకపోవడం” అని రాశాను, ఇంకుతో. నా ఉద్యోగం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన డయాగ్నసిస్ అదే.

ఇష్టం లేనిది ఇంకొకటి ఉంది. ఎనభైల్లో వరసగా వానలు లేని ఏళ్ళలో గొడ్లను బండ్ల మీద వేసుకుని తెచ్చేవారు. ఒంట్లో జబ్బేమీ లేదు, తినడానికి గడ్డిపోచ లేదు. “ఆకలి” అని రాసి పంపితే పై ఆఫీసు గుమాస్తా వెనక్కి పంపాడు, జబ్బుల జాబితాలో ఆ పేరు లేదని. కొందరు డాక్టర్లు నీరసం అనో, రక్తహీనత అనో దిద్ది పంపారు. అది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. పోగు తెగింది ఒకచోట, ముడి వేసింది ఇంకొకచోట. ఆకలి అని రాస్తేనే గడ్డి వస్తుంది, రక్తహీనత అని రాస్తే సీసాల్లో టానిక్ వస్తుంది. నేను రెండోసారీ ఆకలి అనే పంపాను. ఆలస్యంగానే వచ్చింది కానీ, లారీలో గడ్డి వచ్చింది.

సునందా, నీ ప్రశ్నకు నా జవాబు ఇంతే. తెలియకపోతే తెలియలేదని రాయి. అనుమానముంటే పెన్సిల్‌తో రాయి. నువ్వు రాసే పేరు గొడ్డు మీదే ఆగదు, ఒక ఇంటి మీదికి పోతుంది. చిగుళ్ళు చూడు, చేను చూడు, అవ్వ చెప్పింది విను. తప్పు చెప్తే, చెప్పినచోటే నిలబడి దిద్దుకో.

ఇంకా ఫోన్ చేయాల్సిన వాళ్ళు

దస్తగిరి. గార్లదిన్నెలో కూతురి దగ్గర ఉన్నాడు. “నేను ముందే చెప్పినా సార్” అంటాడు, చెప్పకపోయినా.

ఉరవకొండ ఫోటో స్టూడియో ఆయన. కొత్త డాక్టరమ్మకు ఫోటో తీయాలి కదా.

పెద్దాయన లేరు. వాళ్ళ ఆవిడకు చెప్పాలి. పెన్సిల్ సంగతి ఆమెకు తెలుసో లేదో, అదీ చెప్పాలి.

ధర్మవరంలో మా తమ్ముడు. ఇంకా నాయన మగ్గం మీదే నేస్తున్నాడు. ఒక చీర కావాలి, సునంద చేరే రోజుకు.

హనుమంతప్ప. మధ్యాహ్నం భోజనాల తర్వాత చేయాలి. బసవని గురించి మొదలుపెడితే తొందరగా వదలడు.

చివరగా నాగప్ప. వాళ్ళమ్మ రత్నమ్మ అప్పుడే తన తండ్రికి చెప్పేసిందట కానీ, నాగప్పకు మాత్రం ఎవరినీ చెప్పనివ్వలేదు సునంద. “మా తాతకు మీరే చెప్పాల సార్,” అంది. ఆయనకిప్పుడు బాగా చెవుడు. ఫోన్లో గొంతు చించుకుని అరవాలి, పక్కన ఎవరో అందుకుని మళ్ళీ అరవాలి. వీధి వీధంతా వింటుంది.

విననీ. ఊరందరి ముందరే చెప్తాను.